పాతిక వేల ప్రపోజల్, అందులో అరకు కాఫీ తోటలు

ఒక కన్సల్టెంటుకి నా రేటింగు ఇది: రిజిస్ట్రేషన్ కాగితాల పనికి నాలుగు స్టార్లు, గ్రాంటు అడుగుతూ రాసే ప్రపోజల్‌కి ఒకటి. రెండూ కలిపి సగటు తీసి రెండున్నర అని వేస్తే రెండు పనులకీ అన్యాయం చేసినట్టే, అందుకే విడివిడిగా వేస్తున్నాను. సర్వీసు పేరు రాయను. ఆ అబ్బాయి మోసగాడేం కాదు, ఒక పనిలో మాకు మేలే చేశాడు. చిన్న స్వచ్ఛంద సంస్థలకి రిజిస్ట్రేషన్లు చూసిపెట్టి, కుటుంబ ఫౌండేషన్ల దగ్గర గ్రాంటుకి అప్లికేషన్లు రాసిపెట్టే కన్సల్టెన్సీ. ఇట్లాంటివాళ్ళు ఈమధ్య నెల్లూరులోనూ ఒంగోలులోనూ బాగానే తయారయ్యారు. డబ్బు కట్టబోయే ముందు ఒకసారి ఇది చదవండి.

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో బయాలజీ చెప్పి రిటైరయ్యాను. ఉండేది కావలి. బోగోలు మండలంలో యానాది కాలనీల్లో నాలుగు సాయంకాలం బడులు నడుపుతున్నాం. 2011లో సొసైటీగా రిజిస్టర్ చేయించాం. ఆరు నుంచి ఎనిమిది దాకా బడి. ఒక్కో బడికి ఒక టీచరు, నెలకి 4,500 ఇస్తాం. పిల్లలకి గుగ్గిళ్ళు, బడికి రోజుకి 150 రూపాయల లెక్కన. అన్నీ కలిపి ఏడాదికి నాలుగు లక్షల పైచిల్లర. నా పింఛన్లో కొంత, పాత విద్యార్థులు పంపేది కొంత, కావలి వ్యాపారస్తులు ఇచ్చేది కొంత. ఇంకో రెండు కాలనీల వాళ్ళు "మా పిల్లకాయలకీ పెట్టండమ్మా" అని అడిగినప్పుడు మాత్రం చేతులెత్తేయాల్సి వచ్చింది. గ్రాంటు అనే మాట అప్పుడే మా ఇంట్లోకి వచ్చింది.

2023 ఆగస్టులో తెలిసినవాళ్ళ ద్వారా ఈ కన్సల్టెంటు పరిచయం. నెల్లూరులో మాగుంట లేఅవుట్ వైపు చిన్న ఆఫీసు, గోడ నిండా చెక్కులు పట్టుకుని నిలబడ్డ వాళ్ళ ఫొటోలు. ఫీజు పాతిక వేలు, పైన జీఎస్టీ 4,500, గ్రాంటు వస్తే అందులో 8 శాతం "సక్సెస్ ఫీజు". "మేడమ్, మీ పని వజ్రం. సానబెడితే చాలు" అన్నాడు. ముప్ఫై రెండేళ్ళు పిల్లకాయల సాకులు విన్నదాన్ని, అయినా ఆ మాటకి మెత్తబడ్డాను. సొసైటీ డబ్బు తియ్యడానికి మనసొప్పక నా పింఛన్ ఖాతా నుంచే కట్టాను.

ముందు మంచి చెప్తాను. 2021లో ఆదాయపు పన్ను వాళ్ళు రూల్స్ మార్చి, పాత 12ఏ (సంస్థ ఆదాయానికి పన్ను మినహాయింపు), 80జీ (విరాళమిచ్చిన వాళ్ళకి పన్ను తగ్గింపు) ఉన్న సంస్థలన్నీ 10ఏ ఫారం వేసి మళ్ళీ రిజిస్టర్ చేసుకోవాలన్నారు. మాకు ఆ సంగతే తెలియలేదు. గడువు పొడిగించుకుంటూ పోయి 2023 సెప్టెంబర్ 30 దాకా తెచ్చారు కాబట్టి బతికిపోయాం. ఈ అబ్బాయి మా ఫైలు ముందేసుకుని పది నిమిషాల్లో పట్టేశాడు. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్లో మా పేరు చివర "సొసైటీ" అని ఉంది, పాన్ కార్డులో ఆ మాట లేదు. పన్నెండేళ్ళు బ్యాంకు వాళ్ళు గానీ, ఆడిటర్ గానీ, నేను గానీ చూడలేదు. పేరు తేడా ఉంటే ఫారం తిప్పికొడతారట. పాన్ దిద్దించి, ఫారం వేసి, స్వచ్ఛంద సంస్థలు నమోదయ్యే నీతి ఆయోగ్ వాళ్ళ దర్పణ్ పోర్టల్లో నంబరు తెప్పించి, కొత్త కార్యవర్గం జాబితా జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసులో దాఖలు చేయించాడు. అంతా గడువులోపే.

ఇంకో విషయం కూడా అతనే చెప్పాడు. 80జీ రసీదు చేత్తో రాసిచ్చేస్తే ఇప్పుడు చెల్లదు. ఏడాదిలో విరాళాలిచ్చిన వాళ్ళ వివరాలన్నీ 10బీడీ ఫారంలో మే 31లోగా ఎక్కించాలి, దాన్నుంచి వచ్చే 10బీఈ సర్టిఫికెట్టే దాతకి ఇవ్వాలి. ఆలస్యమైతే రోజుకి 200 రూపాయలు ఫీజు. మేం ఒక్క ఏడాదీ వెయ్యలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు గానీ, ఆ టెన్షన్ పెట్టినందుకు అతనికి రుణపడి ఉన్నాను. నాలుగు స్టార్లు ఇందుకే. అయిదోది ఎందుకు ఇవ్వలేదంటే, ఫోను చేస్తే మూడోసారికి గానీ ఎత్తడు.

ఇక ప్రపోజల్. అక్టోబరులో మెయిల్ వచ్చింది, ఇంగ్లీషులో 22 పేజీలు. రంగురంగుల గ్రాఫులు, కింద మా సొసైటీ పేరు. మూడో పేజీలో మా పిల్లలు "కాఫీ తోటల మధ్య ఎత్తైన కొండ గ్రామాల్లో" ఉంటున్నారు. అయిదో పేజీలో ఇంట్లో వేరే గిరిజన భాష మాట్లాడతారు కాబట్టి తెలుగు బడిలో ఇబ్బంది పడుతున్నారు. కొండలెక్కడివి? ఉన్నది బకింగ్‌హాం కాలువ, రొయ్యల గుంటలు, ఉప్పుగాలి. మా యానాది పిల్లలు మాట్లాడేది తెలుగే, నాకంటే మంచి తెలుగు. అరకు వైపు ఏదో సంస్థకి రాసిన దాంట్లో పేరు మార్చి మాకు పంపాడు. అడిగితే "టెంప్లేట్ మేడమ్, అదంతా ఎవరూ చదవరు" అన్నాడు. మావారు ఆ మెయిల్ చూసి, "ఆ ఇరవై తొమ్మిది వేల ఐదొందలతో నిజంగానే అరకు పోయొచ్చేవాళ్ళం, గుహలు కూడా చూసి" అన్నారు. ఇప్పటికీ వదలరు ఆ మాట.

అరకు కొట్టేస్తే పోతుంది. కొట్టెయ్యలేనిది బడ్జెట్. 38 లక్షలు! అరవై ట్యాబ్‌లు, ఒక వ్యాను, హైదరాబాదు నుంచి వచ్చే ట్రైనర్లు, మానిటరింగ్, ఇంకా ఏవేవో. టీచర్ల జీతం మాత్రం అంతే, 4,500. ఏ ఫౌండేషన్ అయినా ముందు అడిగేది మూడేళ్ళ ఆడిట్ కాగితాలు. ఏడాదికి నాలుగు లక్షలు ఖర్చుపెట్టే వాళ్ళు 38 లక్షలు అడిగితే ఆ ఫైలు రెండో పేజీ తిప్పరు. ఇది నాకు అప్పుడు తెలియదు, తర్వాత ఇంకోచోట తెలిసింది. కానీ అప్పుడే ఏదో గుచ్చుకుంది. మా టీచరమ్మాయికి చూపిస్తే "అక్కా, ఆ వ్యాను మన కాలనీ సందులో తిరగదు" అంది.

ఆ ప్రపోజల్‌ని అతను ఎక్కడికి పంపాడంటే, అమెరికాలోని నలభై కుటుంబ ఫౌండేషన్లకి. ఒకే మెయిల్, ఒకే రోజు. ఆరుగురు జవాబిచ్చారు, ఆరుగురిదీ ఒకే మాట: మేం పిలవందే వచ్చిన అప్లికేషన్లు చూడం. మిగతా వాళ్ళు అది కూడా రాయలేదు.

మా చెల్లెలి కొడుకు డాలస్‌లో ఉంటాడు. ఫోన్లో ఈ సంగతి చెబితే నవ్వాడు. "పెద్దమ్మా, వాళ్ళు ఎవరికిచ్చారో అందరికీ కనబడుతుంది కదా, చూసుకుని పంపాలి" అన్నాడు. అక్కడి ప్రైవేట్ ఫౌండేషన్లు ఏటా తమ ఆస్తిలో సుమారు 5 శాతం పంచాలని రూలు, 990-పీఎఫ్ అనే రిటర్నులో ఎవరికి ఎంత ఇచ్చారో పేరుపేరునా రాయాలి, ఆ రిటర్ను ఎవరైనా చూడొచ్చు. ప్రోపబ్లికా వాళ్ళ నాన్‌ప్రాఫిట్ ఎక్స్‌ప్లోరర్‌లో ఉచితంగా దొరుకుతుంది. వాడు ఒక ఆదివారం కూర్చుని కన్సల్టెంటు లిస్టులోంచి ఎనిమిది పేర్లు కొట్టి చూశాడు. ఎనిమిదిలో అయిదు సొంత ఊళ్ళో మ్యూజియానికీ, ఆసుపత్రికీ, చర్చికీ తప్ప ఇంకెక్కడా ఇవ్వలేదు. రెండు ఇండియా పనులకి ఇచ్చాయి గానీ, అక్కడే రిజిస్టరయిన సంస్థల ద్వారా. నలభై మెయిళ్ళు పంపే ముందు పది నిమిషాలు చూసుంటే తెలిసేది.

దీనికంటే పెద్ద తప్పు ఇంకోటుంది. మాకు ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాలు తీసుకోవడానికి కావాల్సిన రిజిస్ట్రేషన్, లేదు. అది లేకుండా విదేశీ ఫౌండేషన్ నుంచి ఒక్క డాలరు తీసుకున్నా నేరం. ఆ రిజిస్ట్రేషన్ కావాలంటే సంస్థకి మూడేళ్ళు నిండాలి, ఆ మూడేళ్ళలో కనీసం 15 లక్షలు పని మీద ఖర్చుపెట్టి ఉండాలి. మాది మూడేళ్ళకి కలిపినా 13 దాటదు. ఒక దాత ఇంత ఇస్తానని ఉత్తరం ఇస్తే ఆ ఒక్క మొత్తానికి ముందస్తు అనుమతి అడిగే దారి ఒకటుంది, అదీ కేంద్ర హోంశాఖ నుంచే రావాలి. వచ్చాక కూడా డబ్బు మొదట పడేది ఢిల్లీ స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలో తెరిచిన ఖాతాలోనే, 2020 సవరణ తర్వాత అంతే. ఇవన్నీ కన్సల్టెంటుకి తెలుసు. తెలిసే "ముందు రానివ్వండి మేడమ్, తర్వాత చూసుకుందాం" అన్నాడు. సంతకం పెట్టేది నేను, చూసుకునేది ఎవరు?

ఇక్కడే ఇంకో అపోహ కూడా చెప్పాలి. మా చెల్లెలి కొడుకుది ఇంకా ఇండియా పాస్‌పోర్టే. వాడు తన జీతంలోంచి మనకి పంపేది విదేశీ విరాళం కిందకి రాదు. వాడి రూమ్మేటు, మన జిల్లా పిల్లాడే, అమెరికా పౌరుడయ్యాడు. వాడు పంపితే వస్తుంది. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉండొచ్చు, ఒకే బ్యాంకు నుంచి పంపొచ్చు, అయినా లెక్క వేరు.

పరాయి దేశంలో ఉన్న దాత డబ్బు నెల్లూరు జిల్లాకి కొత్తేం కాదు. పల్లిపాడులో పెన్న ఒడ్డున పినాకినీ సత్యాగ్రహాశ్రమం 1921 ఏప్రిల్ 7న గాంధీగారి చేతుల మీదుగా మొదలైంది. దక్షిణాఫ్రికాలో వ్యాపారం చేసుకునే పార్శీ రుస్తుంజీ ఇచ్చిన పదివేలతో అక్కడ భవనం కట్టారు, దానికి ఆయన పేరే పెట్టారు. స్థలానికి సాయం పొణకా కనకమ్మగారిది. బడి పిల్లల్ని విహారయాత్రకి తీసుకుపోయినప్పుడల్లా ఈ కథ చెప్పేదాన్ని. రుస్తుంజీకి 22 పేజీల ప్రపోజల్ ఎవరూ పంపి ఉండరు. గాంధీగారి మాట చాలింది. మాకు గాంధీగారు లేరు కాబట్టి అప్లికేషన్ రాసుకోవాల్సిందే.

రాసుకున్నాం. కావలిలో ఒక పెళ్ళిలో నా పాత విద్యార్థి తండ్రి కలిసి, చెన్నైలో స్థిరపడ్డ మన జిల్లా కుటుంబం ఒకటి వాళ్ళ అమ్మ పేరు మీద ట్రస్టు నడుపుతోందని, చదువు పనులకి ఇస్తారని చెప్పాడు. పేరు ఇక్కడ రాయను, వాళ్ళకది ఇష్టం ఉండదు. సర్ రతన్ టాటా ట్రస్టు 1919 నాటిది, సర్ దొరాబ్జీ టాటా ట్రస్టు 1932 నాటిది, అంత పెద్ద వాటికి చదివి చూసే టీములుంటాయి. ఈ ట్రస్టుకి ఉన్నది ఒక గది, ఒక ప్రోగ్రాం ఆఫీసరు అమ్మాయి, ఆదివారం కూర్చుని సంతకాలు పెట్టే ముగ్గురు అన్నదమ్ములు.

కన్సల్టెంటుకి ఎక్కనిది ఇదే. అతను చేసేదంతా కంపెనీ సీఎస్ఆర్ (సామాజిక బాధ్యత కింద పెట్టే ఖర్చు) పని, దాన్నే అందరి దగ్గరికీ తీసుకుపోతాడు. పెద్ద కంపెనీకి కంపెనీల చట్టం సెక్షన్ 135 ఉంది, మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం ఖర్చుపెట్టాలి, ఆ డబ్బు తీసుకోవాలంటే మనకి సీఎస్ఆర్-1 నంబరు ఉండాలి, వాళ్ళకి మార్చి లోపల పెద్ద అంకె, ఫొటో కావాలి. కుటుంబ ట్రస్టుకి ఇవేవీ అక్కర్లేదు. అది వాళ్ళమ్మ పేరు. ఆ పేరు ఎవరి చేతిలో పెడుతున్నామనేదే వాళ్ళ బెంగ. 12ఏ, 80జీ, పాన్, మూడేళ్ళ ఆడిట్ అడిగారు. ఇవన్నీ ఆ అబ్బాయి పుణ్యమా అని సిద్ధంగా ఉన్నాయి, ఒప్పుకోవాలి.

ముందు ఒక పేజీ ఉత్తరం పంపమన్నారు, నచ్చితే ఫారం. ఉత్తరం తెలుగులోనే రాశాను. ఫారం ఆన్‌లైన్లో, ఒక్కో గడిలో 250 మాటలు. మా వార్షిక నివేదిక కావలిలో డీటీపీ సెంటర్లో చేయించింది, దాన్నే కాపీ చేసి గడిలో వేస్తే తెలుగు బదులు ఇంగ్లీషు అక్షరాలు, డాలరు గుర్తులు, కామాలు పడ్డాయి. డీటీపీ అబ్బాయిని అడిగితే "అది అను ఫాంటు మేడమ్, అక్కడ రాదు, యూనికోడ్ కావాలి" అన్నాడు. పన్నెండేళ్ళ నివేదికలన్నీ అను ఫాంటులోనే ఉన్నాయి! చివరికి ఫోన్లో వాయిస్ టైపింగ్ పెట్టి నోటితో చెప్పాను. నేను "యానాది కాలనీ" అన్నప్పుడల్లా అది "ఏ నాది కాలనీ" అని రాసేది. మూడు సాయంత్రాలు దిద్దుకున్నాను.

బడ్జెట్ ఒక్క పేజీ. రెండు కొత్త బడులు. ఇద్దరు టీచర్లకి 1,08,000. గుగ్గిళ్ళకి నెలకి పాతిక రోజుల లెక్కన 90,000. పుస్తకాలు, పలకలకి 12,000. కరెంటు పోతే వెలిగే లైట్లు, చాపలకి 10,000. మొత్తం 2,20,000.

వారానికి ఆ అమ్మాయి ఫోను. తమిళం కలిసిన తెలుగు. "ఒక బడికి పిల్లలు ఎంతమంది?" రిజిస్టర్లో 34 అన్నాను. "రోజూ వచ్చేది?" ఇక్కడ ఒక్క క్షణం ఆగాను. కన్సల్టెంటు ప్రపోజల్లో "98 శాతం హాజరు" అని ఉంది. ఇరవై, ఇరవై రెండు, సీజన్లో పన్నెండు కూడా ఉంటారని ఉన్నది చెప్పేశాను. "సరి మేడమ్" అని పెట్టేసింది. పోయిందిలే అనుకున్నాను.

పోలేదు. ఫిబ్రవరిలో ఆ అమ్మాయీ, అన్నదమ్ముల్లో పెద్దాయనా మధ్యాహ్నం పినాకినీ ఎక్స్‌ప్రెస్ ఎక్కి సాయంత్రానికి కావలిలో దిగారు. డెబ్భై దాటిన మనిషి. బడికి వచ్చి చాప మీదే కూర్చున్నాడు. బ్యానరు, దండలు మేం పెట్టలేదు, పెట్టుంటే బాధపడేవాడు అనిపించింది. పిల్లల పాటలు కూడా పెద్దగా వినలేదు. హాజరు పట్టీ తెమ్మన్నాడు. గోధుమరంగు అట్ట ఊడిపోయి, గుగ్గిళ్ళ నూనె అంటిన పట్టీ. కళ్ళద్దాలు పైకి నెట్టి, ఒక పిల్ల పేరు మీద వేలు పెట్టి అడ్డంగా జరుపుకుంటూ పోయాడు. ఒకచోట వరసగా పద్నాలుగు గళ్ళు. టిక్కు లేదు, గైరుహాజరు గుర్తూ లేదు. "గుం" అని ఉంది.

"ఏందమ్మా ఇది, గుం అంటే?"

మా టీచరమ్మాయి సిగ్గుపడుతూ చెప్పింది. "గుంటల కాడికి పోయిందని సార్. రొయ్యల పట్టుబడికి వాళ్ళమ్మ నాన్న పోతే ఇదీ పోతుంది, చిన్నబిడ్డని ఎత్తుకోను. గైరుహాజరు అని వేస్తే ఎగ్గొట్టినట్టు ఉంటది కదా."

ఆయన పేజీ తిప్పాడు. ఇంకో నాలుగు పేర్లకి "గుం" ఉంది, ఒకరికి "ఎం" ఉంది. ఎండ్రకాయలకి. పట్టీ మూసి ఆమెకిచ్చి, "మా నాయన ఇట్టా రాసేవాడు చిట్టా" అన్నాడు. నాతో వేరే ఏమీ మాట్లాడలేదు. గుగ్గిళ్ళు తిన్నాడు, రెండోసారి అడిగి మరీ.

ఏప్రిల్లో మంజూరు ఉత్తరం. మేం అడిగింది 2,20,000, వాళ్ళిచ్చింది 2,35,000. ఆ పదిహేను వేలు ఎందుకంటే, బడ్జెట్లో ఆడిట్ ఫీజు, నా బస్సు ఛార్జీలు రాయలేదు. రాస్తే ఆశపోతులం అనుకుంటారని భయం. ఆ అమ్మాయి ఫోన్లో "మరి ఆడిట్ ఫీజు ఎవరు ఇస్తారు మేడమ్, మీరా? అట్లా కూడదు" అని తనే ఎక్కించింది. కన్సల్టెంటు 38 లక్షల్లో వ్యాను ఉంది గానీ ఆడిట్ ఫీజు లేదని అప్పుడు గుర్తొచ్చింది.

అతనికి సంగతి ఎట్లా తెలిసిందో, మే నెలలో వాట్సాప్‌లో కంగ్రాట్స్, కింద లెక్క: 8 శాతం, 18,800. ఈ ట్రస్టు పేరు అతని లిస్టులోనే లేదు. అయినా ఒప్పందం కాగితంలో "ఏ గ్రాంటు వచ్చినా" అని ఉంది, చదవకుండా సంతకం పెట్టాను. తప్పు నాదే. కానీ గ్రాంటు డబ్బులోంచి కమిషన్ ఇవ్వడం ఏ దాతా ఒప్పుకోడు. నిధుల సేకరణ వృత్తిలో ఉన్న వాళ్ళ అంతర్జాతీయ సంఘాల నియమావళిలోనే శాతం లెక్కన తీసుకోవడం నిషేధం. ఆ మాటే రాసి, ట్రస్టు మంజూరు ఉత్తరంలో ఏ పద్దుకి ఎంతో ఉన్న పేజీ ఫొటో పెట్టాను. "ఓకే మేడమ్" అని చేతులు జోడించిన బొమ్మ పంపాడు. అప్పట్నుంచి రోజూ గుడ్‌మార్నింగ్ మెసేజి వస్తోంది, పూలతో.

కాబట్టి 12ఏ, 80జీ, 10బీడీ లాంటి పనులుంటే ఇట్లాంటి వాళ్ళ దగ్గరికి పొండి, ఒక్కో పనికి ఇంత అని విడిగా మాట్లాడుకోండి. పని సాఫీగా అవుతుంది, రిజిస్ట్రార్ ఆఫీసు చుట్టూ తిరిగే బాధ తప్పుతుంది. ప్రపోజల్ మాత్రం మీ టీచర్ని పక్కన కూర్చోబెట్టుకుని మీరే రాసుకోండి. శాతం అనే మాట ఉన్న కాగితం మీద సంతకం పెట్టొద్దు.

మొదటి విడత 1,40,000 వచ్చింది. మిగతా 95,000 రావాలంటే ఆ డబ్బు దేనికి ఖర్చయిందో చూపే వినియోగ పత్రం ఈ నెలాఖరుకి పంపాలి. నిన్న ఆడిటర్ గారు ఓచర్లు చూస్తూ ఒకదాని దగ్గర ఆగారు. అలసందలు మూడు కేజీలు, అంగడామె వేలిముద్ర వేసింది గానీ నూనె మరకలో కలిసిపోయి ముద్ర ఏదో మరక ఏదో తెలియడం లేదు. ఇంకోటి వేయించుకు రమ్మన్నారు. రేపు బడికి పోయేటప్పుడు స్టాంపు ప్యాడు చేతిసంచిలో పెట్టుకోవాలి.